పేరు తెలియని మొక్క

పాఠ్యభాగ పరిచయం

అడవిలో కనిపించిన మొక్కకు పేరు చెప్పడం తేలికైన పనిగా తోస్తుంది. పేరు తప్పితే ఏమవుతుందో తెలిసినవారు మాత్రం ఆ పనికి తొందరపడరు. ఒకే పేరుతో పిలువబడే రెండు మొక్కలలో ఒకటి మందు, మరొకటి విషం కావచ్చు. తెలియని మొక్కను గుర్తించే శాస్త్రీయ పద్ధతిని, అందులో అడవిబిడ్డల అనుభవానికి ఉన్న స్థానాన్ని వరంగల్ ప్రాంతపు అడవుల నేపథ్యంలో తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

తొలకరి జల్లులకు ఏటూరునాగారం, తాడ్వాయి అడవులు కొత్త రూపు ధరిస్తాయి. వేసవిలో ఆకులు రాల్చి మోడులై నిలిచిన టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప చెట్లు మళ్ళీ చిగురించి పచ్చబడతాయి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో అంతర్భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. అటువంటి తొలకరి వేళ వరంగల్ నుండి బయలుదేరిన విద్యార్థి బృందం ఒకటి అక్కడి అడవిదారి పట్టిందని అనుకోవచ్చు. దారి పక్కన రెండు నిలువుల ఎత్తున ఒక చిన్న చెట్టు. కొమ్మల చివర గుత్తులుగా తెల్లపూలు. ఆకు తుంచగానే పాలు కారుతున్నాయి. ఇది ఏ చెట్టు?

ఒకరు ‘పాలకొడిశ’ అన్నారు. మరొకరు ‘కొడిశపాల’ అన్నారు. ఊరిలో పెద్దలు భయపడుతూ చెప్పే ‘కడిశె’ ఇదేనేమోనని ఇంకొకరు సందేహించారు. వినడానికి మూడు పేర్లూ ఒకే పేరుకు రూపాంతరాలుగా ఉన్నాయి. కాని అవి మూడు వేర్వేరు చెట్లు.

కొడిశపాల వనమూలికలలో ప్రసిద్ధమైనది. సంస్కృతంలో దీనిని ‘కుటజం’ అంటారు. దీని పట్టను జిగట విరేచనాలకు మందుగా ఆయుర్వేదం తరతరాలుగా వాడుతున్నది. ‘ఇంద్రయవలు’ అనే చేదు గింజలు ఈ చెట్టువే. శాస్త్రంలో దీని పేరు హొలరీనా ప్యూబెసెన్స్. పాలకొడిశకు అంకుడు అని మరొక పేరు. ఏటికొప్పాక లక్క బొమ్మలను మలిచేది ఈ అంకుడు కర్రతోనే. దీని ఆకుల నుండి నీలిరంగు తీసేవారు. శాస్త్రంలో దీని పేరు రైటియా టింక్టోరియా. ‘టింక్టోరియా’ అంటే రంగుకు సంబంధించినది అని అర్థం. ఈ రెండూ గన్నేరు కుటుంబానికి చెందినవి. ఇక కడిశెకు గన్నేరుతో చుట్టరికం లేదు. అది ఉసిరి కుటుంబానికి చెందిన చెట్టు. వడిశాకు అని కూడా పిలిచే దాని ఆకులు ప్రాణాంతకమైన విషం. ఆ విషం మూత్రపిండాలను, గుండెను దెబ్బతీస్తుంది. దానికి తగిన విరుగుడు మందు నేటికీ లేదు. శాస్త్రంలో దీని పేరు క్లీస్టాంథస్ కొల్లైనస్.

కొడిశపాల అనుకొని పాలకొడిశ పట్ట తెచ్చినవారికి రోగం నయం కాదు. విలువైన సమయం చేజారుతుంది. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డ విషయంలో ఆ కొద్ది సమయమే చావుబ్రతుకులను నిర్ణయించవచ్చు. పేరు పోలికను నమ్మి కడిశె ఆకు తెచ్చినవారి గతి చెప్పనవసరం లేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అక్కడ అక్షరాలా నిజమవుతుంది. కాబట్టి మొక్కకు పేరు పెట్టడం కేవలం పాండిత్య విషయం కాదు. ప్రాణానికి సంబంధించిన విషయం.

ఈ గందరగోళానికి కారణం ప్రజల అజ్ఞానం కాదు. జనవ్యవహారంలోని పేర్లు ఆయా ఊళ్ళ అవసరం కొద్దీ పుట్టినవి. పాలు కారే చెట్టు ‘పాల’ అయింది. నల్లని పట్ట ఉన్న మద్ది ‘నల్లమద్ది’ అయింది. ఒక ఊరిలో ఆ పేరు చెబితే అందరికీ ఒకే చెట్టు గుర్తుకు వస్తుంది. వాగు దాటి మరొక ఊరికి పోతే అదే పేరు మరొక చెట్టుదవుతుంది. ఒక మొక్కకు పది పేర్లు, ఒక పేరుకు పది మొక్కలు ఉండటం ప్రతి భాషలోనూ ఉన్నదే. ఈ చిక్కును తొలగించడానికి స్వీడన్ దేశపు శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథంలో ప్రతి మొక్కకు రెండు పదాల పేరును స్థిరపరిచాడు. మొదటి పదం ప్రజాతిని, రెండవ పదం జాతిని తెలుపుతుంది. మనిషికి ఇంటిపేరు, సొంత పేరు ఉన్నట్లే ఇదీను.

ఆ పద్ధతిలో తెలుగునేల మొక్కలను విస్తృతంగా పరిశీలించినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. స్కాట్లాండ్ నుండి వచ్చిన ఈ వైద్యుడు 1781 నుండి 1793 వరకు గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశోధించాడు. స్థానిక చిత్రకారుల చేత ఒక్కొక్క మొక్కకు రంగుల బొమ్మ వేయించాడు. బొమ్మతోపాటు తెలుగు పేరును, ప్రజలు చెప్పిన ఉపయోగాన్ని నమోదు చేశాడు. ఆ కృషి ఫలితంగా 1795 నుండి మూడు సంపుటాలలో 300 వర్ణచిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం వెలువడింది. జ్వరాలకు పట్టను వాడే సోమిడ చెట్టును ఆయన లోకానికి పరిచయం చేశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ తెలుగు పేరునే ప్రజాతి నామంగా స్వీకరించి దానిని సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా అన్నారు. ‘ఫెబ్రిఫ్యూజా’ అంటే జ్వరాన్ని తరిమేది. తెలుగువారి నోట పుట్టిన పేరు ఈ విధంగా ప్రపంచ శాస్త్ర పరిభాషలో నిలిచిపోయింది.

వరంగల్ అడవులకు మాత్రం ఆ భాగ్యం ఆలస్యంగా దక్కింది. 1915 – 1936 మధ్య వెలువడిన గాంబుల్ వృక్షగ్రంథం మద్రాసు రాజధానికి పరిమితమైనది. నిజాం ఏలుబడిలో ఉన్న వరంగల్ దాని పరిధిలోకి రాలేదు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఇక్కడి వృక్షశాస్త్ర విభాగం వారు ఈ అడవులను గాలించి మొక్కలను సేకరించారు. టి. పుల్లయ్య రచించిన తెలంగాణ వృక్షజాల గ్రంథం 2015లో వెలువడింది.

గ్రంథాలు ఉన్నంత మాత్రాన అడవిలో నిలిచిన విద్యార్థికి సమాధానం దొరకదు. ముందుగా కన్ను పనిచేయాలి. ‘తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు’ అనుకునే కంటికి ఏ గ్రంథమూ తోడ్పడదు. మొక్కను గుర్తించడంలో మొదటి నియమం పేరు గురించి ఆలోచించకుండా మొక్కను చూడటం. పేరు ముందే మనస్సులో పడితే కన్ను ఆ పేరుకు తగినవాటినే చూస్తుంది, తగనివాటిని దాటిపోతుంది.

తాడ్వాయి దారిలోని చెట్టునే తీసుకోవచ్చు. మొదట కొమ్మపై ఆకుల అమరికను గమనించాలి. ఈ చెట్టుకు ప్రతి కణుపు వద్ద రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. దీనిని అభిముఖ పత్రవిన్యాసం అంటారు. కడిశెకు కణుపుకు ఒక్కొక్క ఆకు మాత్రమే ఉండి, అవి ఒకటి ఇటు, ఒకటి అటుగా అమరి ఉంటాయి. ఇది ఏకాంతర పత్రవిన్యాసం. పైగా కడిశె ఆకు గుండ్రంగా ఉంటుంది. తుంచితే పాలు కారవు. ఈ రెండు లక్షణాలతోనే అది కడిశె కాదని తేలిపోయింది. మూడు అనుమానాలలో ఒకటి తొలగింది.

మిగిలిన రెండింటిలో పాలు ఉన్నాయి, ఎదురెదురు ఆకులు ఉన్నాయి, ఐదు రెక్కల తెల్లపూలు ఉన్నాయి. ఇక్కడ పువ్వును దగ్గరగా పరిశీలించాలి. అంకుడు పువ్వు గొంతు వద్ద కుచ్చులాంటి పొలుసులు ఉంటాయి. వాటి నడుమ కేసరాలు ఒక శంకువులా బయటికి పొడుచుకొని కనిపిస్తాయి. కొడిశపాల పువ్వుకు ఆ కుచ్చు ఉండదు. దాని కేసరాలు సన్నని నాళం లోపల దాగి ఉంటాయి. విద్యార్థుల చేతిలోని పువ్వుకు కుచ్చు లేదు.

ఒక్క లక్షణంతో తీర్పు చెప్పరాదు. చెట్టు మీద నిరుటి ఎండుకాయలు ఇంకా వేలాడుతున్నాయి. రెండు చెట్లకూ కాయలు జంటగా, సన్నగా, పొడవుగా ఉంటాయి. అంకుడు కాయల జంట లేతదశలో కొనల వద్ద ఒకదానికొకటి అంటుకొని ఉండి, పండిన తరువాత విడిపోతుంది. కొడిశపాల కాయలు మొదటి నుండీ విడివిడిగానే వేలాడుతాయి. ఎండుకాయలలో ఈ తేడా తెలియదు కనుక కాయను చీల్చి గింజను చూడాలి. గింజకు గాలిలో ఎగరడానికి పట్టులాంటి నూగుకుచ్చు ఉంటుంది. ఆ కుచ్చు కొడిశపాలలో కాయ కొన వైపు, అంకుడులో కాయ తొడిమ వైపు ఉంటుంది. ఇక్కడ కుచ్చు కొన వైపు ఉన్నది. ఆకు, పువ్వు, గింజ ఒకే మాట చెప్పాయి. ఇది కొడిశపాల.

ఈ విధంగా రెండేసి విరుద్ధ లక్షణాలను ఎదురెదురుగా నిలిపి, ఒకదానిని స్వీకరించి మరొకదానిని విడిచిపెడుతూ పేరును చేరుకోవడమే వృక్షగ్రంథాలలోని పద్ధతి. అడుగడుగునా దారి రెండుగా చీలుతుంది. ఒక్క చోట తప్పు దారి పట్టినా చేరే ఊరు వేరవుతుంది.

నిర్ధారణ అంతటితో ముగియదు. పూలతో, కాయలతో ఉన్న చిన్న కొమ్మను వార్తాపత్రికల మధ్య పరచి, బరువు ఉంచి ఆరబెడతారు. ఆరిన నమూనాను మందపాటి కాగితంపై అంటించి ఊరు, తేదీ, సేకర్త పేరు, చెట్టు ఎత్తు, స్థానిక నామం, ఔషధోపయోగం రాస్తారు. పువ్వు రంగు, వాసన, పాలు ఎండితే తెలియవు కనుక వాటిని అడవిలోనే రాసుకోవాలి. ఇటువంటి నమూనాలను భద్రపరిచే చోటును హెర్బేరియం అంటారు. కొత్త నమూనాను అక్కడి పాత నమూనాలతో పోల్చి చూసిన తరువాతనే పేరు ఖాయమవుతుంది. అభయారణ్యంలో అనుమతి లేకుండా కొమ్మను తుంచడం చట్టరీత్యా నేరం. ఒకే ఒక మొక్క కనిపించినప్పుడు దానిని పెరకకుండా చిత్రాలు తీసుకొని రావడం ధర్మం.

వరంగల్ అడవులు ఆకురాల్చే అడవులు. పడమటి కనుమలలో, అండమాన్ దీవులలో ఉన్నవి ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఉష్ణమండల వర్షారణ్యాలు. అక్కడ ఈ పని మరింత కష్టం. చెట్లు ముప్పై, నలభై మీటర్ల ఎత్తు పెరుగుతాయి. పూలు పైకప్పులా అల్లుకున్న ఆకుల మీద పూస్తాయి. కింద నిలిచినవారికి కనిపించవు. వాననీరు జారిపోవడానికి వీలుగా అనేక జాతుల ఆకులు ఒకే విధంగా సూదిమొనతో ఉంటాయి. అందుచేత అక్కడి పరిశోధకులు పైకి చూడటం కన్న నేలను వెదకడం ఎక్కువ. రాలిన పువ్వు, కొరికి పడేసిన కాయ, పట్టపై చిన్న గాటు పెడితే కనిపించే రంగు, వచ్చే వాసన వారికి ఆధారాలు.

అటువంటి చోట అడవిబిడ్డల తోడు అత్యవసరం. 1987లో పి. పుష్పాంగదన్ మొదలైన శాస్త్రవేత్తలు కేరళలోని అగస్త్య పర్వత ప్రాంతంలో పర్యటించారు. ఏటవాలు కొండలను ఎక్కుతూ వారు అలసిపోయారు. దారి చూపుతున్న కాణి గిరిజనులు మాత్రం ఏవో చిన్న కాయలను నములుతూ హుషారుగా నడుస్తున్నారు. వారిచ్చిన కాయలు తిన్న శాస్త్రవేత్తలకూ అలసట తీరినట్లయింది. ఆ మొక్కను చూపడానికి కాణి వారు మొదట ఇష్టపడలేదు. అది తమ పెద్దలు కాపాడిన రహస్యం. నచ్చజెప్పిన తరువాత చూపారు. పోల్చి చూడగా అది ట్రైకోపస్ జైలానికస్ అని తేలింది. ఆ పేరు 1788లోనే పెట్టబడింది! పేరు పుట్టి రెండు వందల ఏళ్ళు గడిచినా దాని గుణం శాస్త్రలోకానికి తెలియదు. గుణం తెలిసిన కాణి వారికి ఆ పేరుతో పనిలేదు. వారికి అది ‘ఆరోగ్యపచ్చ’. దాని నుండి ‘జీవని’ అనే మందు తయారైంది. దాని తయారీ హక్కుపై వచ్చిన ఆదాయంలో సగభాగాన్ని కాణి సమాజానికి ఇవ్వాలని పరిశోధన సంస్థ నిర్ణయించింది. ఆ సొమ్ము నిర్వహణకు 1997లో కాణి వారి ట్రస్టు ఏర్పడింది.

ఏటూరునాగారం అడవులలోని కోయలకూ ఇటువంటి అనుభవ సంపద ఉన్నది. ఏ గడ్డను ఏ కాలంలో తవ్వాలో, దేనిని ఎన్ని నీళ్ళు మార్చి ఉడికించాలో వారికి తెలుసు. అడవినాభి అనే తీగను తీసుకోవచ్చు. అగ్నిజ్వాలల వంటి పూలు, కొన మెలితిరిగి పక్క కొమ్మను పట్టుకునే ఆకులు ఉన్నంత కాలం దానిని ఎవరైనా పోల్చగలరు. వానలు వెనుకబడిన తరువాత తీగ ఎండి మాయమవుతుంది. గడ్డ మాత్రం నేలలో మిగులుతుంది. నాగలిని పోలిన ఆ గడ్డ తీవ్రమైన విషం. తీగను చూడకుండా, తినే అడవి గడ్డ అని భ్రమించి తవ్వుకొన్నవారికి ప్రాణహాని తప్పదు. లక్షణాలన్నీ కనిపించని వేళ మొక్కకు పేరు చెప్పకపోవడమే వివేకం. తెలియని మొక్కను రుచి చూసి గుర్తించాలనుకోవడం అవివేకం.

నేడు సెల్‌ఫోన్‌తో చిత్రం తీస్తే మొక్క పేరు చెప్పే సాధనాలు వచ్చాయి. అవి వెదకవలసిన దిక్కును చూపగలవు. కాని చిత్రంలో పాలు కారడం కనిపించకపోవచ్చు. చీల్చని కాయలోని గింజకుచ్చు అసలే కనిపించదు. సాధనం చెప్పిన పేరు ఒక అనుమానమే. దానిని నిజం చేయవలసింది పరిశీలకుని కన్ను.

తాడ్వాయి దారిలో విద్యార్థులు మొదట అడిగినది చెట్టు పేరు. తిరిగి వచ్చేటప్పటికి వారికి ఆ పేరుతోపాటు, అది మరి రెండు చెట్ల పేరు ఎందుకు కాదో కూడా తెలిసింది. ఈ రెండవదే అసలైన విద్య. పేరు చెప్పగలిగినవారు అడవిలో చాలామంది దొరుకుతారు. ఆ పేరు ఎందుకు సరైనదో చెప్పగలిగినవాని చేతి మందునే రోగి నమ్మి తాగగలడు.

కఠిన పదాలు – అర్థాలు

మోడు = ఆకులు రాలిన చెట్టు
రూపాంతరం = మరొక రూపం
ప్రాణాంతకం = ప్రాణాన్ని తీసేది
విరుగుడు = విషాన్ని హరించే మందు
కణుపు = కొమ్మపై ఆకు పుట్టే చోటు
వృక్షజాలం = ఒక ప్రాంతంలోని మొక్కల సముదాయం
నిర్ధారణ = నిశ్చయించడం
సేకర్త = సేకరించినవాడు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. తాడ్వాయి దారిలోని చెట్టు కొడిశపాల అని ఏ విధంగా నిర్ధారణ అయింది?
2. మొక్కలను గుర్తించడంలో శాస్త్రజ్ఞానానికి, అడవిబిడ్డల అనుభవానికి గల సంబంధాన్ని వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. స్థానిక నామాల వలన కలిగే చిక్కులు ఏవి?
2. విలియం రాక్స్‌బర్గ్ కృషిని తెలపండి.
3. వర్షారణ్యాలలో మొక్కలను గుర్తించడం ఎందుకు కష్టం?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. గుణం తెలిసిన కాణి వారికి ఆ పేరుతో పనిలేదు.
2. ఒక్క లక్షణంతో తీర్పు చెప్పరాదు.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఏటికొప్పాక బొమ్మలను ఏ కర్రతో చేస్తారు?
2. ‘ఫెబ్రిఫ్యూజా’ అంటే అర్థమేమి?
3. కడిశె ఏ కుటుంబానికి చెందినది?

V. సంధులు
ప్రాణాంతకం = ప్రాణ + అంతకం – సవర్ణదీర్ఘ సంధి
ఔషధోపయోగం = ఔషధ + ఉపయోగం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

VI. సమాసాలు
తెల్లపూలు – తెల్లనైన పూలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
ప్రాణహాని – ప్రాణమునకు హాని – షష్ఠీ తత్పురుష సమాసం
చావుబ్రతుకులు – చావును, బ్రతుకును – ద్వంద్వ సమాసం